ఎపాక్సీలో 60 శాతం అల్యూమినా వేసినా వేడి ఎందుకు కదలట్లేదు? (చెన్నై)

అంబత్తూరు పాటింగ్

అందరికీ నమస్కారం. అంబత్తూరు ఎస్టేట్‌లో మాది చిన్న యూనిట్. ఎల్‌ఈడీ డ్రైవర్లకీ, ఈ మధ్య ఈ-బైక్ కంట్రోలర్లకీ ఎపాక్సీ పాటింగ్ చేసిస్తాం, అంటే సర్క్యూట్‌ని డబ్బాలో పెట్టి చుట్టూ రెజిన్ పోసి గట్టిపరుస్తాం. ఉష్ణవాహకత కనీసం 1.5 ఉండాల్సిందేనని ఒక కస్టమర్ పట్టుబట్టాడు. యూనిట్ వాట్ పర్ మీటర్ కెల్విన్, కింద ప్రతిసారీ రాయను. ఉత్త ఎపాక్సీ 0.2 దగ్గర ఉంటుంది కాబట్టి బరువులో 60 శాతం అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ పౌడర్) కలిపి సాంపిల్ పంపాం. రిపోర్టులో 0.55 వచ్చింది.

పౌడర్ అమ్మే ఆయన్ని అడిగితే "అల్యూమినా 30 దగ్గరే ఉంటుంది సార్, అల్యూమినియం నైట్రైడ్ అయితే 170 పైమాటే, దానికి మారిపోండి" అంటున్నాడు. కొటేషన్ చూసి కళ్లు తిరిగాయి. మారితే నిజంగా మూడింతలు అవుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పగలరు.

గిండీ పాలిమర్

ఇప్పుడే మారకండి. ముందు లెక్క చూద్దాం.

మీరు చెప్పిన 60 శాతం బరువులో. వేడి ప్రయాణానికి బరువుతో నిమిత్తం లేదు, ఎంత చోటు ఆక్రమించిందన్నదే ముఖ్యం. అల్యూమినా సాంద్రత 3.95, గట్టిపడిన ఎపాక్సీది 1.17 అనుకోండి. వంద గ్రాముల మిశ్రమంలో 60 గ్రాముల అల్యూమినా 15 సీసీ, 40 గ్రాముల ఎపాక్సీ 34 సీసీ. అంటే మీ అచ్చులో అల్యూమినా ఉన్నది 31 శాతమే. మిగతా 69 శాతం ప్లాస్టిక్కే.

ఒక పదార్థంలో గుండ్రటి కణాలు చెదురుగా ఉంటే మొత్తం వాహకత ఎంతో చెప్పే సూత్రాన్ని మ్యాక్స్‌వెల్ 1873లోనే ఇచ్చాడు. ఆయన రాసింది విద్యుత్తుకి, వేడికీ అదే పనిచేస్తుంది. మీ 31 శాతానికి వేస్తే అల్యూమినాతో ఎపాక్సీ వాహకత 2.3 రెట్లవుతుంది. కణాల వాహకత అనంతం అనుకుని వేసినా 2.35 రెట్లే! అంటే 0.46 బదులు 0.47. ఆ కాస్త తేడా కోసమే మిమ్మల్ని నైట్రైడ్ కొనమంటున్నారు.

మీకొచ్చిన 0.55 మ్యాక్స్‌వెల్ కంటే పైనే ఉంది. బ్రుగ్గెమాన్ 1935లో ఇచ్చిన సూత్రమైతే 0.6 దగ్గర చూపిస్తుంది. ఈ రెండిటి మధ్యలో పడ్డారంటే మీ పౌడర్‌లో లోపమేమీ లేదు. చేరాల్సినంత చేరలేదు, అంతే. బరువులో 80 శాతానికి వెళ్తే పరిమాణంలో 54, 85కి వెళ్తే 63 అవుతుంది. 1.5 దొరికేది ఆ మధ్యలోనే.

అంబత్తూరు పాటింగ్

ధన్యవాదాలు సార్. 60కే తేనెలా జారుతోంది. 70 దాటితే ముద్దయిపోయి కాంపొనెంట్ల కిందికి వెళ్లడం మానేస్తోంది. 85 ఎలా పోస్తారు?

మాధవరం మిక్సింగ్

ఒకే సైజు పౌడర్‌తో పోయలేవు తమ్ముడూ. ఎంత కుదిపినా ఒకే సైజు గోళాలు చోటులో 64 శాతం దగ్గర బిగుసుకుపోతాయి. దానికి చాలా ముందే పేస్టు కదలడం మానేస్తుంది.

కాంక్రీటులో కంకర సందుల్లో ఇసుక చేరినట్టు పెద్ద కణాల సందుల్లోకి చిన్నవి చేరాలి. పెద్దది చిన్నదానికి కనీసం ఏడింతలు ఉండాలి. నేను వాడేది 40 మైక్రాన్లదొకటి, 4 మైక్రాన్లదొకటి. పెద్దది 70 పాళ్లు, చిన్నది 30 పాళ్లు. ఆ నిష్పత్తికి అటూ ఇటూ రెండు మూడు మిశ్రమాలు చేసి, ఏది పలుచగా జారితే అది పట్టుకో. మొత్తం అల్యూమినా అంతే ఉన్నా, సైజులు కుదిరితే చిక్కదనం సగానికి సగం పడిపోవడం కళ్లారా చూస్తావు.

రెండోది, ఆకారం. దంచిన అల్యూమినా కణాలకి కోణాలుంటాయి, ఒకదానికొకటి తట్టుకుంటాయి. మంటలో కరిగించి గుండ్రంగా చేసిన అల్యూమినా దొరుకుతుంది, దానికి కాస్త ఎక్కువ పెట్టినా నైట్రైడ్‌తో పోలిస్తే చాలా తక్కువే. పెద్ద సైజు గుండ్రటిది తీసుకో, చిన్నది మామూలుదైనా నడుస్తుంది.

పౌడర్‌ని 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఓవెన్‌లో ఉంచు. మన ఊళ్లో ఐప్పసి, కార్తిక నెలల (అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా) వానల్లో సంచి విప్పిన గంటకే తేమ పట్టేస్తుంది. రెజిన్‌ని 60 డిగ్రీలకి వేడి చేసి కలుపు. గాలి బుడగలు పోవడానికి వ్యాక్యూమ్ తప్పనిసరి.

సిరుసేరి డిజైన్

కలపడం గురించి పెద్దలు చెబుతున్నారు. నేను ఇంకో వైపు నుంచి అడుగుతా. 1.5 అన్న అంకె కస్టమర్ ఎక్కడ నుంచి తెచ్చాడు? ఎవరిదో డేటాషీట్ చూసి రాశాడా, లేక లెక్క కట్టాడా?

పది వాట్ల వేడి పుట్టే డబ్బా తీసుకోండి. గాలి తగిలే బయటి ఉపరితలం 200 చదరపు సెంటీమీటర్లు. ఫ్యాన్ లేదు. గాలిలోకి వెళ్లే వేడికి చదరపు మీటరుకి 10 వాట్ పర్ కెల్విన్ అనుకుంటే డబ్బా గోడే బయటి గాలి కంటే 50 డిగ్రీలు వేడెక్కుతుంది. లోపల 50 చదరపు సెంటీమీటర్ల మీద 5 మిల్లీమీటర్ల పాటింగ్ ఉంటే, 0.6 వాహకతకి ఇంకో 17 డిగ్రీలు, 1.5కి 7 డిగ్రీలు. మీరు పడే ఈ కష్టమంతటికీ దక్కేది పది డిగ్రీలు. మే నెలలో బయటే 40 ఉన్నప్పుడు కెపాసిటర్‌కి ఆ పది డిగ్రీలు చాలా విలువైనవి, కాదనను. కానీ 1.5 నుంచి 3కి వెళ్తే దక్కేది మూడు డిగ్రీల పైచిలుకే. డబ్బాకి నాలుగు ఫిన్లు (గాలి తగిలే లోహపు రెక్కలు) పెడితే అంతకంటే ఎక్కువ దిగుతుంది. ఈ లెక్క ఒకసారి కస్టమర్ ముందు పెట్టండి, ఎక్కడ ఆగాలో ఆయనకే తెలుస్తుంది.

కొరట్టూరు కుర్రాడు

నేను ఎంటెక్ చదువుతున్నా. నానో అల్యూమినా వేస్తే తక్కువ మోతాదులోనే వాహకత బాగా పెరుగుతుందని మా సీనియర్లు అంటారు. ఉపరితలం ఎక్కువ కదా? ఇక్కడ దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

తరమణి థర్మల్

తమ్ముడూ, ఉపరితలం ఎక్కువ కావడమే ఇక్కడ చేటు చేసేది. కాస్త వివరంగా రాస్తాను, ఈ విషయం నాకు చాలా ఇష్టం.

సెరామిక్‌లో వేడిని మోసేవి ఎలక్ట్రాన్లు కావు, జాలకంలోని కంపనాలు. ఫోనాన్లు అంటాం. అల్యూమినాలాంటి క్రమమైన స్ఫటికంలో అవి చాలా దూరం సాఫీగా వెళ్తాయి. ఎపాక్సీలో గొలుసులు చిందరవందరగా ఉంటాయి కాబట్టి అడుగడుక్కీ చెదిరిపోతాయి. రెండూ కలిసే చోట ఇంకో అడ్డు ఉంది. ఒక పదార్థపు కంపనం రెండోదానిలోకి పూర్తిగా దాటదు, కొంత వెనక్కి తిరుగుతుంది. అందువల్ల ఆ సరిహద్దు దగ్గరే ఉష్ణోగ్రతలో చిన్న మెట్టు ఏర్పడుతుంది. ఘన పదార్థానికీ ద్రవ హీలియానికీ మధ్య దీన్ని 1941లో కపిట్జా గమనించాడు. అందుకే దానికి కపిట్జా నిరోధం అని పేరు.

సెరామిక్‌కీ పాలిమర్‌కీ మధ్య ఈ నిరోధం సుమారు 10 పవర్ మైనస్ 8, అంటే పది కోట్లలో ఒక వంతు, అనుకుందాం (యూనిట్ చదరపు మీటర్ కెల్విన్ పర్ వాట్). ఇప్పుడు 20 మైక్రాన్ల అల్యూమినా కణం తీసుకో. దాని సొంత వాహకత 30. సరిహద్దు అడ్డుని కలిపి చూస్తే 29లాగా ప్రవర్తిస్తుంది, నష్టమేమీ లేదు. అదే 20 నానోమీటర్ల కణమైతే? 30 కాస్తా 1 కంటే తక్కువకి పడిపోతుంది. అల్యూమినా కొని ప్లాస్టిక్‌కి కొంచెం పైనుండే పదార్థం వాడినట్టు. పైగా నానో పౌడర్ అయిదారు శాతం వేసేసరికే రెజిన్ పేస్టయిపోతుంది.

ఇంకో సంగతి. కార్బన్ బ్లాక్ కొంచెం వేసినా ఒక మోతాదు దగ్గర కరెంటు హఠాత్తుగా పారుతుంది, ఆ ఊహతోనే చాలామంది వేడి కూడా అలా పారుతుందనుకుంటారు. కరెంటు విషయంలో కణానికీ ప్లాస్టిక్‌కీ వాహకతలో తేడా లక్షల కోట్ల రెట్లు. వేడిలో ఆ తేడా వంద నుంచి వెయ్యి రెట్లే. కాబట్టి కణాలు గొలుసు కట్టిన క్షణాన ఏ అద్భుతమూ జరగదు, మెల్లగా పెరుగుతూ పోతుంది. మీ సీనియర్లని ఈ రెండు లెక్కలూ వేసి చూడమనండి.

గిండీ సార్‌కి ఒక సవరణ. నైట్రైడ్ ఎప్పుడూ దండగ అనలేం. మ్యాక్స్‌వెల్ సూత్రం కణాలు దూరదూరంగా ఉన్నప్పటికే నమ్మదగ్గది. పరిమాణంలో 60 శాతం దగ్గర బ్రుగ్గెమాన్‌తో వేస్తే అల్యూమినాకి 2.46, 180 ఉన్న నైట్రైడ్‌కి 2.98 వస్తుంది. 20 శాతం తేడా. 31 శాతం దగ్గర లేని తేడా అక్కడ కనబడుతుంది. కాబట్టి ముందు నింపడం నేర్చుకోవాలి, ఆ తర్వాతే పౌడర్ మార్చడం.

గిండీ పాలిమర్

ఒప్పుకుంటున్నానమ్మా, ఎక్కువ మోతాదులో మీ మాటే సరి. అయితే చెన్నైలో నైట్రైడ్‌తో ఇంకో చిక్కు ఉంది. అది నీటితో చర్య జరిపి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారిపోతుంది, అమ్మోనియా వదులుతుంది. పూత లేని పౌడర్ సంచి వానాకాలంలో మూత సరిగ్గా పెట్టకుండా వదిలేసి, కొన్నాళ్లకి విప్పి చూడండి. ముక్కుకే తెలిసిపోతుంది. పైపొరంతా హైడ్రాక్సైడ్ అయిపోయాక 170 మాటెక్కడిది? నీరు పట్టకుండా పూత వేసిన గ్రేడ్ అడిగి తీసుకోవాలి.

పీన్యా ప్యాడ్స్

బెంగళూరు నుంచి. మేం సిలికోన్ గ్యాప్ ప్యాడ్లు (చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య సందు నింపే మెత్తటి షీట్లు) చేస్తాం. బోరాన్ నైట్రైడ్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతా.

అది పలకల్లా ఉండే తెల్ల పౌడర్, గ్రాఫైట్ నిర్మాణమే, కరెంటు మాత్రం పారదు. పలక వెంబడి వాహకత 300 దాటుతుంది. పలక మందం వైపు చూస్తే అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ. ఇక్కడే మోసపోయేది. షీటు చేయడానికి రోలర్ల మధ్య నొక్కితే పలకలన్నీ షీటుతో పాటు పడుకుంటాయి. వేడి పక్కలకి బాగా పారుతుంది. కానీ ప్యాడ్ కొనేది చిప్ నుంచి హీట్‌సింక్‌కి, అంటే షీటు మందాన్ని అడ్డంగా దాటడానికి. ఆ దిశలో అంకె నీరసంగా ఉంటుంది. డేటాషీట్‌లో పెద్ద అంకె చూసినప్పుడు ఏ దిశలో కొలిచారని తప్పకుండా అడగండి. లేజర్ ఫ్లాష్ పద్ధతితో రెండు దిశల్లోనూ కొలవవచ్చు.

దారులు లేకపోలేదు. పలకలు గుత్తులుగా అతికి గుండ్రంగా ఉన్న పౌడర్ వస్తుంది, దాన్ని వాడితే దిశల తేడా తగ్గుతుంది. కానీ గట్టి మిక్సర్‌లో ఎక్కువసేపు తిప్పితే ఆ గుత్తులు విడిపోయి మళ్లీ పలకలే మిగులుతాయి. చివర్లో వేసి నెమ్మదిగా తిప్పడమే మార్గం. ఇంకొందరు పలకలు వరుసకట్టిన దిమ్మ చేసి, దాన్ని అడ్డంగా కోసి ప్యాడ్లు తీస్తారు. మంచి పని, ఖరీదైన పని.

అంబత్తూరు గారికి బోరాన్ నైట్రైడ్ అవసరం లేదనే నా అభిప్రాయం. పలకల వల్ల చిక్కదనం చాలా పెరుగుతుంది, పాటింగ్‌కి అస్సలు సరిపడదు. డైఎలక్ట్రిక్ స్థిరాంకం తక్కువ కావాల్సిన చోట, బరువు తగ్గాల్సిన చోట దానికి సాటి లేదు. ఆ స్థిరాంకం బోరాన్ నైట్రైడ్‌కి 4 దగ్గర ఉంటే అల్యూమినాకి 9 పైన ఉంటుంది.

అంబత్తూరు పాటింగ్

మాధవరం అన్నా, పౌడర్‌నీ రెజిన్‌నీ అతికించే సిలేన్ పూత గురించి కూడా చెప్పవా? వేస్తే వాహకత పెరుగుతుందని విన్నాను.

మాధవరం మిక్సింగ్

వేయాలి. ఎపాక్సీకి గ్లైసిడాక్సీ ఉన్న సిలేన్ తీసుకో. పౌడర్ బరువులో అర శాతం నుంచి ఒక శాతం చాలు. ఆల్కహాల్‌లో కొంచెం నీళ్లు కలిపి అందులో సిలేన్ విప్పి, పౌడర్‌కి పట్టించి ఆరబెట్టి ఓవెన్‌లో పెట్టు. వేసిన పౌడర్‌కీ వేయనిదానికీ తేడా స్పాచులాతో ఎత్తినప్పుడే తెలుస్తుంది. వేయనిది తునకలుగా తెగి పడుతుంది, వేసింది తెగకుండా దారంలా దిగి, పడ్డచోట మట్టంగా సర్దుకుంటుంది.

పీన్యా వాళ్లలా ప్లాటినంతో గట్టిపడే సిలికోన్ చేసేవాళ్లు మాత్రం అమైన్ ఉన్న సిలేన్ జోలికి పోవద్దు. ప్లాటినం చచ్చిపోతుంది, ప్యాడ్ జిగటగానే మిగిలిపోతుంది.

ఇంకో మాట. అల్యూమినా కాఠిన్యం మోస్ కొలతలో 9. స్టీల్ బ్లేడ్‌ని అరగదీస్తుంది. తెల్లగా ఉండాల్సిన మిశ్రమం గంట తిరిగేసరికి బూడిద రంగుకి వస్తే అది ఇనుము. అలాంటి బ్యాచ్ హై వోల్టేజి పనికి పంపకూడదు. బ్లేడ్‌కీ గిన్నెకీ లోపల పాలీయురేథేన్ తొడుగు వేయించుకో, డిస్పెన్సింగ్ పంపుకి సెరామిక్ భాగాలు ఉన్నదే చూసుకో.

తరమణి థర్మల్

సిలేన్ మీద చిన్న చేర్పు. మైక్రాన్ సైజు కణాలకి సరిహద్దు నిరోధం వల్ల నష్టం దాదాపు లేదని పైన లెక్కలో చూశాం. కాబట్టి సిలేన్ ఆ నిరోధాన్ని తగ్గించి వాహకత పెంచుతుందనడం కంటే, రెజిన్ ప్రతి కణాన్నీ తడిపి, గాలి చిక్కకుండా చేసి, ఇంకో పది శాతం పౌడర్ నింపే వీలు ఇస్తుందనడం సరైనది. గాలి వాహకత 0.026. పదిశాతం బుడగలుంటే మొత్తం వాహకతలో 14 శాతం పోతుంది. విద్యుత్ అవాహకత దెబ్బతినేది వేరే.

కొరట్టూరు కుర్రాడు

అక్కా, నానో లెక్క వేసి చూశా, మీరన్నట్టే వచ్చింది. మా గైడ్‌కి చూపిస్తాను. ఇంకో ప్రశ్న: రెండు రకాల సెరామిక్స్ కలిపితే? పెద్ద అల్యూమినా, సందుల్లో బోరాన్ నైట్రైడ్?

పీన్యా ప్యాడ్స్

చాలామంది చేసే పనే. కొంచెం బోరాన్ నైట్రైడ్, పెద్ద గుండ్రటి అల్యూమినా కలిపితే అల్యూమినా గోళాలు పలకల్ని పడుకోనివ్వవు, అటూ ఇటూ నిలబెడతాయి. అడ్డు దిశలో అంకె మెరుగుపడుతుంది. మోతాదు దాటితే పేస్టు బిగిసిపోతుంది, జాగ్రత్త. మంటకి తట్టుకోవాలంటే అల్యూమినియం ట్రైహైడ్రేట్ కూడా కలుపుతారు. సుమారు 200 డిగ్రీలు దాటాక అది నీటిని వదిలి మంటని చల్లారుస్తుంది. సోల్డర్ రీఫ్లోకి (ఓవెన్‌లో సోల్డర్ కరిగించి అతికే పనికి) వెళ్లే భాగాల్లో మాత్రం అదే నీరు బుడగై పొంగుతుంది.

అంబత్తూరు పాటింగ్

అందరికీ పెద్ద నమస్కారం. 40 మైక్రాన్ల గుండ్రటి అల్యూమినా, 4 మైక్రాన్ల మామూలుది, సిలేన్ పట్టించి, బరువులో 84 శాతం వరకు వెళ్లాం. రెజిన్‌ని బిస్ఫినాల్ ఎఫ్ రకానికి మార్చాం, అది చాలా పలుచన. వేడిగా పోస్తే కాయిల్ చుట్ల మధ్యకీ దిగింది. రిపోర్టు 1.6 వచ్చింది. కస్టమర్‌కి సిరుసేరి గారి లెక్క కూడా చూపించాం, 1.5 చాలని ఒప్పుకున్నాడు, ఫిన్లున్న డబ్బాకి మారుతున్నాడు.

గిండీ పాలిమర్

చాలా సంతోషం. 1.6ని నమ్మే ముందు ఒక్క పరీక్ష. అచ్చులోంచి చిన్న ముక్క కోసి గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూకం వేయండి. 84 శాతానికి సాంద్రత 2.86 రావాలి. 2.7 వస్తే అయిదారు శాతం గాలి లోపల ఉందన్నమాట.

అంబత్తూరు పాటింగ్

2.81 వచ్చింది సార్.

గిండీ పాలిమర్

రెండు శాతం లోపే గాలి. మీ వ్యాక్యూమ్ బాగుంది.

మాధవరం మిక్సింగ్

తమ్ముడూ, డబ్బాల్లో నిల్వ ఉంచి పంపుతావు కదా? 40 మైక్రాన్లది అడుగుకి దిగుతుంది. దిగే వేగం కణం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే 4 మైక్రాన్లదానికంటే వంద రెట్లు వేగం. ఎండాకాలం గోడౌన్‌లో రెజిన్ పలచబడితే ఇంకా త్వరగా. అడుగున గట్టి బిళ్ల కట్టాక కస్టమర్ పైపైన ఉన్నదే పోసుకుంటాడు, అందులో అల్యూమినా తక్కువ. ఫ్యూమ్డ్ సిలికా (చాలా సన్నటి సిలికా పొడి) అర శాతంలోపు వేయి, నిలబడుతుంది. వాడే ముందు అడుగు నుంచి తిప్పమని లేబుల్ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, తమిళంలో, హిందీలో రాయించు. షాపు ఫ్లోర్‌లో పౌడర్ వేసే కుర్రాళ్లకి మాస్కులూ, హార్డెనర్ పట్టుకునేవాళ్లకి గ్లవుజులూ తప్పనిసరి. అమైన్ హార్డెనర్‌కి ఒకసారి చర్మం పడకపోతే జన్మంతా పడదు.

సిరుసేరి డిజైన్

ఇంకొకటి. కస్టమర్ తన దగ్గర ఏఎస్‌టీఎమ్ డి5470 అనే ప్రామాణిక పద్ధతిలో కొలిస్తే సాంపిల్‌కీ మెషీన్ ప్లేట్‌కీ మధ్య ఉన్న నిరోధం కూడా కలిసి వస్తుంది, మీ అంకె తక్కువ కనబడుతుంది. ఒకే మందంతో ఇవ్వకండి. 1, 2, 3 మిల్లీమీటర్ల ముక్కలు ఇచ్చి, మందానికీ నిరోధానికీ గ్రాఫ్ గీయమనండి. గీత వాలు నుంచి అసలు వాహకత, గీత నిరోధపు అక్షాన్ని ఎక్కడ తాకిందో దాన్నుంచి ప్లేట్ దగ్గరి నిరోధం విడివిడిగా వస్తాయి. గిండీలో కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్‌ల సంస్థ సిపెట్ ఉంది, 1968 నుంచీ ప్లాస్టిక్‌ల పని అక్కడ జరుగుతోంది. ఏ పద్ధతిలో కొలుస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

అంబత్తూరు పాటింగ్

మూడు మందాల్లోనూ ఈరోజే పోశాం. ఫ్యూమ్డ్ సిలికా వేసిన బ్యాచ్, వేయని బ్యాచ్ రెండూ ఉన్నాయి. ఒక పొడవాటి గొట్టంలో కూడా పోసి నిలబెట్టాం. గట్టిపడ్డాక పైనుంచి ఒక బిళ్ల, అడుగు నుంచి ఒక బిళ్ల కోసి రెండిటి సాంద్రతా చూస్తాం. అంకెలు రాగానే ఇక్కడే పెడతాను.